కార్బురేటర్‌లో కొబ్బరినూనె

అమెరికాలో, ఇల్లినాయి అరోరా ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ మిషను మొరాయించినా ముందు ఫోను వెళ్ళేది కృష్ణమోహన్‌గారికే. గుడిలో నీళ్ళ పంపు, అసోసియేషన్ వాళ్ళ మైకు సెట్టు, ఎవరో ఇండియా నుంచి మోసుకొచ్చిన గ్రైండరు, పక్కవీధి అనిక సంగీతం క్లాసుకి పట్టుకెళ్ళే శ్రుతిపెట్టె, అన్నీ ఆయన చేతిలో బాగుపడినవే. డబ్బు ముట్టుకోరు. కానీ బాగుచేస్తున్నంతసేపూ తన చరిత్ర చెబుతారు, అది వినాలి.

ఆ చరిత్ర చెప్పుకోదగిందే. కృష్ణ ఒడ్డున తోటవారిలంకలో, బల్లలు లేని బడిలో చాపమీద కూర్చుని అక్షరాలు దిద్దిన మనిషి. పదమూడో ఏట, తెనాలి నుంచి వచ్చిన మేస్త్రీ చేతులెత్తేసిన ఆయిల్ ఇంజిన్‌ని విప్పి, మళ్ళీ బిగించి, పొద్దుగూకేలోపు అరటితోటకి నీళ్ళు పారించారు. ఎస్సెల్సీ లెక్కల్లో జిల్లాకి రెండో స్థానం. మొదటి స్థానం వచ్చినవాడు ట్యూషన్ పెట్టించుకున్నాడు కనుక అది లెక్కలోకి రాదని ఆయన అభిప్రాయం. కాకినాడలో ఇంజనీరింగు, డెబ్భై ఎనిమిదిలో అమెరికా, పంపులు తయారుచేసే కంపెనీలో ముప్ఫైమూడేళ్ళు, రెండు పేటెంట్లు, తెలుగు అసోసియేషన్‌కి రెండుసార్లు అధ్యక్ష పదవి. రెండోసారి పోటీ లేకుండానే. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే కావడం వల్లనే ఇంట్లోవాళ్ళకి ఎదురు చెప్పే వీలు లేకపోయింది.

రిటైరైన ఏడాది తోటివాళ్ళు గోల్ఫుకి వెళితే ఈయన డికాల్బ్ దగ్గర ఒక రైతు గడ్డికొట్టంలోకి వెళ్ళారు. అక్కడ దుప్పటి కింద ఒక ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు పడి ఉంది. పంతొమ్మిది వందల అరవై ఆరు మోడలు. రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, సైకిలు చక్రాల్లా ఊచల చక్రాలు. ముదురాకుపచ్చ ఒళ్ళు, లోపల ఎర్రతోలు సీట్లు. గాలి ఫిల్టర్‌లో ఎలుకలు మూడు తరాలుగా కాపురం ఉంటున్నాయి. కాకినాడలో చదువుకునే రోజుల్లో పోర్టు దగ్గర ఒక ముసలి డాక్టరుగారికి అచ్చం అలాంటి బండే ఉండేది. వారానికి రెండుసార్లు రోడ్డు మధ్యలో ఆగేది, కాలేజీ కుర్రాళ్ళు తోసేవాళ్ళు. తోసినవాళ్ళలో బానెట్ ఎత్తి చూపించమని అడిగినవాడు ఒక్క కృష్ణమోహన్ మాత్రమే. నలభై ఏళ్ళ తరువాత, ఎలుకలు చూస్తుండగా, అలాంటి బానెట్ ఆయన స్వయంగా ఎత్తారు. ఇంటికి తెచ్చి, ఆకుపచ్చ ఒళ్ళూ ఎర్ర నోరూ చూసి, చిలక అని పేరు పెట్టారు.

మూడేళ్ళు విప్పారు, రెండేళ్ళు బిగించారు. ఇంజిన్ లోపలి ప్రతి బోల్టుకీ ఒక కాఫీ కప్పు, కప్పు మీద తెలుగులో చీటీ. ఊచల చక్రాల్ని వీణ తీగల్లా ఒక్కొక్క ఊచా మీటి, శబ్దం సరిపోయేదాకా బిగించారు. పెట్రోల్లో గాలి కలిపి ఇంజిన్‌కి అందించే కార్బురేటర్లు ఆ కారుకి రెండు. రెండూ సమంగా గాలి పీల్చాలి. జనం దానికి మీటర్లు కొంటారు. ఈయన రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టుకుని, ఇటు బుస, అటు బుస విని స్క్రూ తిప్పుతారు. రెండు బుసలూ ఒక్కటైనప్పుడు ఆయన మొహం చూడాలి. పెద్దమ్మాయి కాన్వొకేషన్‌లో కూడా అంత వెలుగు లేదంటారు నళినిగారు.

నళినిగారు ఆయన భార్య. ఫార్మసిస్టు. ఇప్పటికీ వారానికి మూడురోజులు ఉద్యోగానికి వెళతారు. ఇంటికి రెండు కార్లు పట్టే గరాజ్ ఉంది. అందులో ఒక సగం చిలకది. రెండో సగం చిలక విడిభాగాలది. నళినిగారి కారు పదకొండు శీతాకాలాలుగా డ్రైవ్‌వేలో మంచు కింద ఉంటోంది. పొద్దున్నే ఆరింటికి ఆవిడ కోటు తొడుక్కుని, అద్దం మీద మంచు గీక్కుంటూ ఉంటే, లోపల హీటరు పక్కన చిలక వెచ్చగా నిద్రపోతూ ఉండేది. ఆవిడ ఆ కారు ఎక్కింది కూడా ఒక్కసారే. పట్టుచీర కట్టుకుని గుడికి బయల్దేరితే నేపర్‌విల్ రోడ్డు మీద ఆగిపోయి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని తోయాల్సి వచ్చింది. ఆ తరువాత దానివైపు తిరిగి చూడలేదు.

ఇక కొబ్బరినూనె సంగతి.

ఆ కార్బురేటర్ల నెత్తిన చెరొక చిన్న మూత ఉంటుంది. మూత విప్పితే సన్నటి గొట్టం. అందులో రెండు చెమ్చాల పలచటి నూనె పోయాలి. మనం యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి పిస్టను ఆ నూనెలో మెల్లగా పైకి లేస్తుంది, ఇంజిన్‌కి గాలి అందుతుంది. అంతే పని. జూలై నాలుగున పరేడ్‌కి బయల్దేరబోతూ చూస్తే ఆ నూనె డబ్బా ఖాళీ. షాపులు మూత. కృష్ణమోహన్‌గారు ఒక్క క్షణం ఆలోచించి, బాత్రూమ్‌లోకి వెళ్ళి, నళినిగారి కొబ్బరినూనె సీసా తెచ్చారు. రెండు వేళ్ళ మధ్య రాసి చూశారు. పలచదనం సరిగ్గా సరిపోయింది. తోటవారిలంకలో కుట్టుమిషనుకి, సైకిలు ఇరుసుకి, తాళంకప్పకి, పెద్దమ్మ మోకాళ్ళకి అన్నిటికీ అదే నూనె. ఏ రోజూ ఏదీ కిర్రుమనలేదు. పోశారు.

తొంభై డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో చిలక అంత బాగా ఎప్పుడూ పరిగెత్తలేదు. పరేడ్‌లో క్లబ్బు కార్లన్నీ వేడికి దగ్గుతుంటే ఇదొక్కటే తీగలా సాగింది. పాత ఇంగ్లీషు కార్లవాళ్ళ క్లబ్బు అది, ఇరవై రెండు కార్లు. అందరూ చుట్టూ చేరి ఏం పోశావని అడిగారు. అక్కడే మన పెద్దాయన నోరు జారింది. మా కుటుంబంలో తరతరాలుగా వస్తున్న రహస్య తైలం అని చెప్పారు. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు దగ్గుమందు సీసాలు నాలుగు కడిగి ఆరబెట్టి, నింపి, తోటవారిలంక ఫార్ములా అని లేబుల్ అంటించి, నలుగురు ఆప్తమిత్రులకి పంచారు. మొదటి సీసా వాల్ట్‌కి. పాలలారీ నడిపి రిటైరైన వాల్ట్ ఆ కొట్టంలోంచి చిలకని ట్రెయిలర్ మీదికి ఎక్కించిన మనిషి. నలుగురూ పోసుకున్నారు. నలుగురి కార్లూ వేసవంతా గాల్లో తేలాయి. కృష్ణమోహన్‌గారి చరిత్రలో, పేటెంట్లకీ అధ్యక్ష పదవికీ మధ్యన, ఈ ఫార్ములాకి ఒక చోటు దొరికింది.

అక్టోబరు మొదటివారంలో తొలి మంచు పడింది. నళినిగారు అద్దం గీకి, లోపలికి వచ్చి, గీకుడు కర్ర డైనింగ్ టేబుల్ మీద ఆయన ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టారు.

"పన్నెండో వింటర్ నేను గీకను," అన్నారు. "మీ క్లబ్బువాళ్ళు స్టార్వ్డ్ రాక్ పార్కు దాకా వెళ్ళే డ్రైవ్ ఎప్పుడు?"

"పద్దెనిమిదో తారీఖు. ఈసారి ముందు కారు మనదే. ఇరవై ఒక్క కార్లు మన వెనకాల వస్తాయి. తోటవారిలంక నుంచి వచ్చి..."

"నేనూ వస్తాను. దారిలో ఎక్కడా చెడిపోకుండా తీసుకెళ్ళి తీసుకొచ్చారా, జన్మలో ఇంక ఆ కారుని ఏమీ అనను. చెడి ఆగిపోయిందా, నేపర్‌విల్ డెంటిస్ట్ కొంటానని మూడుసార్లు ఫోన్ చేశాడు కదా, అతనికి అమ్మేస్తారు. సరేనా?"

ఇటువంటి పందేనికి వెంటనే సరే అనకపోతే ఆయన కృష్ణమోహన్‌గారు కారు. అనేశారు. అని, ఇడ్లీ సగంలో వదిలి గరాజ్‌లోకి నడిచారు.

ఆ పదిరోజులూ ఆయన గరాజ్ వదల్లేదు. ప్లగ్గులు మార్చారు. ప్లగ్గుల నిప్పురవ్వని అదుపుచేసే పాయింట్ల మధ్య సందుని, చిన్నమ్మాయి పెళ్ళినాటి శుభలేఖ మడిచి, దాని మందంతో సరిచూశారు. బ్రేకు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, పెట్రోలు ఫిల్టరు, ఏదీ వదల్లేదు. కార్బురేటర్ మూతలు కూడా విప్పి చూశారు. నూనె నిండుగా, తేటగా ఉంది. గరాజ్‌లో హీటరు నడుస్తోంది మరి.

పద్దెనిమిదో తారీఖు పొద్దున్న చిలక ఒక్క తిప్పుకే స్టార్టయింది. నళినిగారు స్వెట్టరు మీద స్వెట్టరు, తలకి స్కార్ఫు, ఒళ్ళో కాఫీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నారు. అందరూ కలుసుకునే చోటు రెండు మైళ్ళ దూరంలో ఒక డోనట్ల షాపు ముందు పార్కింగు. మూడు నిమిషాల్లో వెళ్ళిపోయారు. వెళ్ళగానే బానెట్ ఎత్తి నిలబెట్టారు. క్లబ్బులో అది మర్యాద. బానెట్ మూసి ఉంచితే ఏదో దాస్తున్నాడనుకుంటారు. గంటన్నర సేపు, వెచ్చటి గరాజ్‌ల్లోంచి వచ్చిన ఇరవై రెండు కార్లూ నోళ్ళు తెరుచుకుని ఆ చలిగాలిలో నిలబడ్డాయి. ముప్ఫై ఎనిమిది డిగ్రీల ఫారన్‌హీట్. కృష్ణమోహన్‌గారు కొత్త సభ్యులకి ఆయిల్ ఇంజిన్ దగ్గర మొదలుపెట్టి రెండో పేటెంటు దాకా వచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది. జెండా ఊపే మనిషి ఊపాడు.

చిలక స్టార్టయింది. గేరు పడింది. యాక్సిలరేటర్ తొక్కారు. చిలక ఒక దగ్గు దగ్గి, ఒక ఎగురు ఎగిరి, పార్కింగు గేటుకి సరిగ్గా అడ్డంగా ఆగిపోయింది.

మళ్ళీ స్టార్ట్ చేశారు. నిలబడినచోట గురగుర బాగానే ఉంది. కాలు మోపితే మాత్రం గొంతు పట్టేసి చచ్చిపోతోంది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. పాత ఇంగ్లీషు హారన్లు, ఒక్కొక్కటీ ఒక్కొక్క రకం బాతు. కృష్ణమోహన్‌గారు దిగారు. క్షణంలో చుట్టూ పదిహేనుమంది, పదిహేను పానాలు, పదిహేడు అభిప్రాయాలు. పెట్రోలు పంపు అని ఒకరు, కండెన్సర్ అని ఒకరు, నీళ్ళు దిగాయని ఒకరు. అప్పుడే వెనకవరసలో వాల్ట్ కారు దగ్గింది, ఆగింది. దాని పక్కన ఇంకొకటి. తరువాత రెండు. ఇరవై రెండింటిలో అయిదు కార్లు ఒకే దగ్గు దగ్గి ఒకేలా ఆగిపోయాయి. ఇదేదో అంటురోగంలా ఉందని ఎవరో అన్నారు. ఒకాయన నిజంగానే తన కారుని కొంచెం వెనక్కి తీసుకున్నాడు.

కృష్ణమోహన్‌గారు ఆగిన కార్లని వరసగా చూశారు. వాల్ట్. వాల్ట్ పక్కన ఎర్రకారు. ఆ చివర తెల్లవి రెండు. దగ్గుమందు సీసాలు నాలుగు.

ఒళ్ళు అడ్డం పెట్టి, ఎవరికీ కనపడకుండా, ముందు కార్బురేటర్ మూత విప్పారు. తేటనూనె లేదు. గట్టిగా, తెల్లగా, మెరుస్తూ, చలికాలంలో బాత్రూమ్ గూట్లో సీసా అడుగున ఎలా ఉంటుందో అలా ఉంది. పిస్టను అందులో మేకులా దిగబడిపోయింది. తోటవారిలంకలో కొబ్బరినూనె సంక్రాంతి చలికి కాస్త పేరుకున్నా, ఎండ రాగానే కరిగిపోయేది. ఇల్లినాయి అక్టోబరు ఎలా ఉంటుందో ఆ ఊరి పెద్దమ్మ మోకాళ్ళకి తెలియదు.

మూత బిగించేశారు. ఆయన బుర్ర పంపుల కంపెనీలో ముప్ఫైమూడేళ్ళు పనిచేసిన బుర్ర. ఇంజిన్ ఇలాగే గురగురమంటూ ఉంటే పావుగంటలో ఆ వేడికి నూనె దానంతట అదే కరుగుతుంది. ఈలోగా ఒక పానా పట్టుకుని, ఏదో ఒకటి విప్పి బిగించినట్టు చేస్తే చాలు. అయిదు కార్లూ ఆయన చేతిమీదుగా లేచి కూర్చుంటాయి. చరిత్రలో ఇంకో పేజీ. నోట్లో నవ్వు సగం దాకా వచ్చేసింది కూడా.

"ఆగిపోయింది కదండీ," అన్నారు నళినిగారు సీట్లోంచి. చేతిలో ఫోను ఉంది. "డెంటిస్ట్‌కి టెక్స్ట్ చేసేస్తున్నాను."

ఆ నవ్వు అక్కడే ఉండిపోయింది. కారు చెడి ఆగితే అమ్మేయాలి. కారు చెడలేదు. కానీ ఆ మాట రుజువు చేయాలంటే తప్పు ఎవరిదో చెప్పాలి.

"ఒక్క నిమిషం. కారు తప్పేం లేదు నళినీ."

"మరి ఎవరిదట? వెదర్‌దా?"

ఆయన బానెట్ పక్కనుంచి వంగి ఆవిడ చెవి దగ్గరికి వచ్చారు. "నాది," అన్నారు.

"వినపడలేదు. హారన్లు కొడుతున్నారు."

"నాదే. అందులో నీ కొబ్బరినూనె పోశాను. గడ్డకట్టింది. వాళ్ళ నాలుగు కార్లలోనూ అదే. తప్పు నాది."

నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన వినడం ఆవిడకి ఇదే మొదలు. కళ్ళలోంచి నీళ్ళొచ్చేదాకా, ఫ్లాస్కు ఒళ్ళోంచి జారేదాకా, స్కార్ఫు ఊడిపోయేదాకా నవ్వారు.

"జూలై నుంచి నా సీసాలు ఎలా అయిపోతున్నాయా అనుకుంటున్నాను," అని కళ్ళు తుడుచుకున్నారు. "సరే, కారు అమ్మొద్దు. కానీ ఈ మాట వాళ్ళకి కూడా చెప్పండి. నాకొక్కదానికే చెబితే రేప్పొద్దున్నకి మర్చిపోతారు."

కృష్ణమోహన్‌గారు చిలక వైపు చూశారు. ఆకుపచ్చ ఒళ్ళు మీద పొద్దుటి ఎండ పడుతోంది. డెంటిస్ట్ దాన్ని ఏం చేస్తాడో తెలుసు. ఇసకలాంటి బీజ్ రంగు వేయిస్తాడు. ఆయన టోపీ సరిచేసుకుని, డోనట్ షాపు ముందున్న సిమెంటు దిమ్మ ఎక్కి, ఇంగ్లీషులో గొంతు పెంచి చెప్పారు. తరతరాల రహస్య తైలం అనేది తన భార్య తలకి రాసుకునే నూనె అనీ, డెబ్భై ఆరు డిగ్రీలకి కిందైతే అది మైనం అవుతుందనీ, పంపుల మీద రెండు పేటెంట్లు ఉన్న మనిషికి ఆ సంగతి తట్టలేదనీ, అయిదు కార్లు ఆగింది తన ఒక్కడి తెలివి వల్లనేననీ అన్నారు. పేటెంట్ల మాట అక్కడ అవసరం లేదు. కానీ అలవాటు.

వాల్ట్ బాగా ఆలోచించి, అయితే ఆ మిగిలిన సగం సీసా తలకి రాసుకోవచ్చా అని అడిగాడు. వాల్ట్ తల మీద గుప్పెడు జుట్టు కూడా లేదు. ఆ తరువాత ఎవరు ఏం అన్నారో వినపడలేదు. జనం కార్ల మీద పడి నవ్వారు. డోనట్ షాపులోని పిల్లలు బయటికొచ్చి, ఎందుకో తెలియకుండానే నవ్వారు.

వైద్యం నళినిగారిదే. ఏటా చలికాలంలో ఆ సీసాని వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి కరిగించుకునేది ఆవిడే కదా. షాపులోంచి వేడినీళ్ళు తెప్పించారు. తువ్వాళ్ళు, మేజోళ్ళు, ఒకాయన మఫ్లరు, ఏది దొరికితే అది వేడినీళ్ళలో ముంచి పిండి, అయిదు కార్ల పది కార్బురేటర్ల మెడలకీ చుట్టించారు. ఒక్కొక్క దాని దగ్గరికీ వెళ్ళి, జ్వరమొచ్చిన పిల్లల్ని చూసినట్టు చెయ్యి వేసి చూశారు. అయిదు నిమిషాల్లో లోపలి పిస్టను టుక్కున లేచింది. వెచ్చటి కొబ్బరి వాసన పార్కింగంతా కమ్ముకుంది. పాత నూనె గుడ్డతో పీల్చేసి, జెండా మనిషి దగ్గరున్న అసలు నూనె పోసి, అందరూ బానెట్లు దించారు.

కృష్ణమోహన్‌గారు డ్రైవరు తలుపు దగ్గరికి వస్తే ఆ సీట్లో నళినిగారు ఉన్నారు.

"అటు కూర్చోండి. నేను డ్రైవ్ చేస్తాను."

"దీనికి క్లచ్ ఉంటుంది నళినీ."

"మా నాన్నగారి జీపుకి ఏముండేదనుకున్నారు, తెడ్డా? పంతొమ్మిదేళ్ళకి సాగర్ కాలువ గట్ల మీద తోలాను. పెళ్ళిచూపుల్లో చెప్పాను కూడా. మీరు అప్పుడు ఆయిల్ ఇంజిన్ కథలో ఉన్నారు."

ఆయన చుట్టూ తిరిగి వెళ్ళి రెండో సీట్లో కూర్చున్నారు. పదకొండేళ్ళలో ఆ వైపు కూర్చోవడం అదే మొదలు. కాళ్ళకి ఏ పనీ లేదు, చేతులకి ఏ పనీ లేదు. రెండో గేరుకి ఆవిడ చేసిన చప్పుడుకి పళ్ళు కొరుక్కున్నారు. మూడో గేరు వెన్నలా పడింది. నాలుగో గేరులో, ఊరు దాటి మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్యకి రాగానే, ఆవిడ యాక్సిలరేటర్‌ని అడుగుదాకా తొక్కారు. చిలక రెక్కలొచ్చినట్టు లేచింది. గాలికి ఆవిడ తెల్లజుట్టు విడిపోయి నిలువునా ఎగురుతోంది. గుమ్మడికాయల దుకాణాలు, ఎర్ర గాదెలు, తోకలూపే గుర్రాలు అటొకటి ఇటొకటి ఎగిరిపోతున్నాయి. రెండు కార్బురేటర్ల బుస ఒక్క శ్రుతిలో ఉంది.

గంటకి పైగా అలా పోయాక, పార్కుకి తిరగాల్సిన బోర్డు కనిపించింది. అక్కడ లాడ్జ్‌లో నలభైమందికి భోజనాలు బుక్ చేసి ఉన్నాయి. కృష్ణమోహన్‌గారు చెయ్యి చాపి చూపించారు. నళినిగారు బోర్డుని చూశారు, ఆయన్ని చూశారు, తిన్నగా పోనిచ్చారు.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. క్లబ్బులో ఫోన్లు చూసుకుంటూ డ్రైవ్ చేయకూడదని నియమం. దారి తెలిసింది ముందు కారుకే. వాల్ట్ ఆ బోర్డు దాటాడు. ఎర్రకారు దాటింది. తెల్లవి రెండూ దాటాయి. ఇరవై ఒక్క కార్లూ ఒకదాని వెనక ఒకటి, భోజనం వదిలేసి, బాతుల్లా హారన్లు కొట్టుకుంటూ, నళినిగారి వెనకాలే వస్తున్నాయి.

"ఎక్కడికి?" అని అరిచారాయన గాలిలో.

"తెలీదు," అని అరిచారావిడ. "మీరు మాత్రం ఏమీ చెప్పకండి."

కృష్ణమోహన్‌గారు ఏమీ చెప్పలేదు. టోపీ ఎగిరిపోకుండా తీసి ఒళ్ళో పెట్టుకుని, తొలిసారిగా దారికేసి చూస్తూ కూర్చున్నారు.